బావ చేతికిచ్చిన వేడి వైను

ముంబైలో కూడా చలేనా అని నవ్వేవాళ్లు జనవరిలో ఒకసారి మా కామాటిపురకు రావాలి. ఆ రెండు వారాలూ ట్రంకు పెట్టెల్లోంచి స్వెటర్లు బయటికొస్తాయి. గల్లీ అంతా నాఫ్తలీన్ ఉండల వాసన కొడుతుంది. ఆ రెండు వారాల్లోనే ఒక ఆదివారం సాయంత్రం వరుస గదుల మా చాల్ టెర్రస్ మీద తెలుగు ఇండ్లవాళ్లం కలుస్తాం. ఆ రోజు అందరికీ వేడి వైను కాచేది నేను. ఇరవై ఏళ్లుగా, వంద మందికి తక్కువ కాకుండా తాగిస్తున్నాను.

వంద కాదు. పోయినేడు వేళ్ల మీద లెక్కపెడితే పద్దెనిమిది మంది తేలారు. ఏళ్లు కూడా ఇరవై కాదు, ఆరు. ఈ వయసులో అంకెలు నానబెట్టిన శనగల్లా వాటంతటవే ఉబ్బుతాయి. నేను చేసేదేమీ లేదు.

ఈ విద్య నాకు కొలాబాలో ఒక ఓడ కెప్టెన్ నేర్పాడని మా చాల్‌లో అందరికీ తెలుసు. చెప్పింది నేనే కాబట్టి. అసలు సంగతి వేరు. నేను టైల్స్ మేస్త్రీని. బాంద్రాలో ఒక పాత బంగళా వంటింట్లో టైల్స్ వేస్తుంటే, అక్కడి వంటావిడ క్రిస్మస్‌కు పొయ్యి మీద ఎర్రగా ఏదో కాచింది. లవంగం వాసనకు నా చేతిలో తాపీ ఆగిపోయింది. ఆవిడ పిడి విరిగిన కప్పులో అరకప్పు పోసిచ్చి, "పొంగనివ్వకూడదు. ఆవిరి లేవగానే దించెయ్యాలి, పొంగితే చేదు" అని హిందీలో చెప్పింది. ఓడ లేదు, కెప్టెన్ లేడు.

ఆవిడ పంచదార వేసింది, నేను బెల్లం వేస్తాను. ఆవిడ వేయని శొంఠి, మిరియాలు కూడా దంచి వేస్తాను. దాల్చినచెక్క, లవంగాలు, రెండు అనాసపువ్వులు, నారింజ తొక్క. తొక్క లోపలి తెల్లదనం గీకి తీయకపోతే అదీ చేదే. నాలుగు సీసాల ఎర్ర వైనును పెద్ద టోపులో పోసి సన్న మంట మీద పెడతాను. గంజును బొంబాయిలో టోపు అంటాం. మా ఆవిడ గడపలో నిలబడి ప్రతి ఏడూ అదే మాట అంటుంది.

"దగ్గు కషాయానికి ఇంత తమాషానా?"

"కషాయం గాదె, వైను."

"శొంఠి, మిరియాలు, బెల్లం. ఇంక తులసి ఆకు ఒక్కటే తక్కువున్నది."

నిరుడు వరకూ ఇదంతా సరదాయే. ఈ ఏడు మాత్రం నా గొప్పలే నా మెడకు చుట్టుకున్నాయి.

మా బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. రంగులు వేసే పని చేసేవాడు. ఒకప్పుడు తాగేవాడు, మామూలుగా కాదు. పరంజా మీది నుంచి పడి నడుం విరిగాక మానేశాడు. మానేసి పదకొండేళ్లు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: ఒక్క గుక్క కూడా వద్దు, ఒక్క గుక్క చాలు మళ్లీ మొదటికి రావడానికి. బావ చేత మాన్పించింది నేనేనని కూడా నేను చెప్పుకుంటుంటాను. నిజానికి మాన్పించింది మా అక్క. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం ఆయన గడప దాటకముందే నోరు వాసన చూసి లోపలికి రానిచ్చేది. మా గల్లీ చివర పోచమ్మ గుడి, గుడికి ఎదురుగా సారా దుకాణం. ఆ దుకాణం ముందు నుంచి నడవకూడదని మా బావ పదకొండేళ్లుగా అవతలి గల్లీ చుట్టు తిరిగి గ్రాంట్ రోడ్ స్టేషనుకు పోతాడు.

అందుకే టెర్రస్ మీద బావకు వేరే టోపు ఉంటుంది. అందులో కోకం అనే పుల్లటి ఎర్ర కాయ నానబెట్టిన నీళ్లు. వైనులో వేసిన దినుసులన్నీ దానిలోనూ వేస్తాను. రంగు కూడా దాదాపు అదే. ఈసారి ఆ ఆదివారం పొద్దున అక్క వచ్చి అడిగింది.

"ఏం రా, వేడి జేస్తె నిషా ఎగిరిపోతదంటవు గద. నిజమేనా?"

"పక్కా అక్కా. మొత్తం ఆవిర్ల పోతది."

పోదు. రెండు గ్లాసులకు నాకే మెట్లు కనిపించవు.

"పోయినా పోకున్నా, మీ బావకు ఆ టోపు వాసన గూడ తగలనియ్యకు."

"నేనున్న గద" అన్నాను.

సాయంత్రం అయిదున్నరకు అందరూ చేరారు. పిల్లలు ఒక మూల మరాఠీలో గోల చేస్తున్నారు. నేను రెండు టోపుల మధ్య గరిటె పట్టుకుని పెళ్లికొడుకులా నిలబడ్డాను. మొదటి గ్లాసు నింపబోతుంటే మా పక్క గది ముసలమ్మ అందుకుంది.

"సాక పొయ్యకముందె మూతి పెడ్తరా? బుద్ధున్నదా?"

కల్లయినా సారా అయినా మనం ముట్టుకోకముందు అమ్మవారి ముందు నేల మీద ధారగా పోయాలి, అదే సాక. మా పెద్దలు పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకుని ఇళ్లు కట్టడానికి వచ్చినప్పుడు ఇదీ వెంట తెచ్చుకున్నారు. పోసేవాడు అక్కడున్న మగవాళ్లలో అందరికంటే పెద్దవాడు కావాలి. పోయగా అడుగున మిగిలిన గుక్క ఆయనే ప్రసాదంగా తాగాలి. అయిదేళ్లు ఆ పని మా పెదనాయన వరస ముసలాయన చేశాడు. మొన్న వానాకాలంలో పోయాడు. ఇప్పుడు పెద్దవాడెవరని అందరూ చుట్టూ చూశారు. చూపులన్నీ మా బావ మీద ఆగాయి.

బావ నా వైపు చూశాడు. అప్పుడైనా నాకు వెలగలేదు. నా చేతి వైను అమ్మవారి దగ్గరికి పోతుందన్న పొగరు తలకెక్కింది. వైను టోపులోంచి గ్లాసు నిండా ముంచి ఆయన చేతిలో పెట్టాను.

"ఇగో బావ. ఇసొంటిది అమ్మ పుట్టినప్పటిసంది తాగలె."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కళ్లకద్దుకుని, మెట్లు దిగి పోయాడు. సాక ముగిసేదాకా తాగకూడదు కాబట్టి మిగతావాళ్లు గ్లాసులు చాపి నింపించుకున్నారు. నేను పోస్తూ, వాసన ఎలా ఉందని అడుగుతూ, పొగిడించుకుంటూ ఉన్నాను.

అక్క సర్వపిండి పళ్లెంతో పైకి వచ్చింది.

"మీ బావ ఏడి?"

"సాక పొయ్యనీకె గుడికి పోయిండు."

పళ్లెం గోడ మీద పెట్టింది. "ఏ టోపుల నుంచి ఇచ్చినవ్?"

"అమ్మకు కోకం పోస్తరా అక్కా..." అంటూనే గరిటె కింద పెట్టేశాను. అడుగున మిగిలే గుక్క గుర్తొచ్చింది. ఇంతమంది ముందు, అమ్మవారి పేరు మీద ఇచ్చిన గ్లాసును ఆయన ఎలా కాదంటాడు? అక్క మెట్ల వైపు చెయ్యి చూపించింది.

మూడంతస్తులు ఒక్క పరుగున దిగానని రాద్దామనుకున్నాను. రెండే అంతస్తులు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగాను. దిగుతున్నంతసేపూ నా కళ్ల ముందున్నది గుడి కాదు, గుడికి ఎదురుగా ఉన్న దుకాణం. పదకొండేళ్లు ఆయన అడుగు పెట్టని దారిలోకి, చేతిలో నిండు గ్లాసు పెట్టి మరీ పంపాను.

గుడి దగ్గర బావ లేడు. అమ్మవారి రాయి ముందు నేల తడిగా, ఎర్రగా ఉంది. లవంగం వాసన వస్తోంది. దుకాణం వైపు తిరిగాను. వరుసలో బూడిద రంగు స్వెటరు, వంగిన వీపు. అది బావ వీపే అనుకుని, దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను. ఎవరో మరాఠీ మనిషి. "కాయ్ ఝాలా, కాకా?" అన్నాడు. ఏమీ కాలేదని చెప్పి వెనక్కి తిరిగితే, గుడి పక్కన నల్లా కింద కూర్చుని మా బావ గ్లాసు తోముతున్నాడు. ఎవరింటి కోసమో పోసిన ఇసుక కుప్పలోంచి పిడికెడు తెచ్చుకుని, లోపలా బయటా రుద్దుతున్నాడు.

"ఏం రా బామ్మర్ది, గట్ల రొప్పుతున్నవ్. బిల్డింగు గూలిందా?"

ఆయన మొహం చూశాను, గ్లాసు చూశాను.

"అడుగు. అడిగితె ఏం బోతది."

"ప్రసాదం..."

"మిగిలితె గదరా ప్రసాదం. గ్లాసు బోర్లిచ్చి, అడుగు మీద కొట్టి మరీ పోసిన. నా వాటా గూడ నువ్వే తాగు తల్లీ అన్న."

"తప్పు గాదా బావ?"

"తప్పయితె ఆమెకు నాకు. నడుమ నువ్వెవడివి?"

నేను ఆ తడి గట్టు మీదే కూలబడ్డాను. నవ్వొచ్చింది. తోపుడు బండి వాడు ఆగి చూసేంత నవ్వొచ్చింది. బావ మాత్రం గ్లాసు తోముతూనే ఉన్నాడు.

"వాసన మంచిగున్నదిరా" అన్నాడు. "అందుకే జల్ది జల్ది నడిచిన. సగం మెట్ల మీదనే ఒలికింది. మిగిలింది అమ్మకు పోసిన."

అప్పుడు చెప్పాను, ఎన్నో ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది. అక్క పెళ్లయిన కొత్తలో దాదర్‌లో ఒకే కట్టడం మీద పనిచేసేవాళ్లం. రోజంతా కుంచె ఆడించి భుజాలు పట్టేశాయని ఆయన మూలుగుతుంటే, ఒక్కటి తాగితే ఏం కాదని నేనే చేతిలో పెట్టాను.

"బావ, మొదటి గ్లాసు నీకు నేనే ఇచ్చిన. యాదున్నదా?"

"యాదున్నది. రెండోది నేనే కొనుక్కున్న. మూడోది గూడ. అన్నీ నీ గొప్పల్ల కలుపుకోకు."

నా చెయ్యి పట్టి లేపాడు. నడుం విరిగిన మనిషి నన్ను లేపాడు. ఇద్దరం రెయిలింగు పంచుకుంటూ పైకి ఎక్కాం.

టెర్రస్‌కు ఒక మలుపు కింద అక్క నిలబడి ఉంది. బావ ఆమెకు ఒక మెట్టు కింద ఆగి, మొహం ఎత్తి "హా" అని ఊదాడు. అక్క వంగి వాసన చూసింది. ఒకసారి చాలక మళ్లీ చూసింది.

"ఏమున్నది?" అన్నాడు బావ.

"ఏం లేదు. పొద్దటి ఉల్లిగడ్డ."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు గోడ వైపు తిరిగింది. తర్వాత గ్లాసు తీసుకుని దాన్నీ వాసన చూసి, ఇసుక రేణువు ఒకటి గోటితో తీసేసింది. ఇక పైకి పోదామని నేను పక్కనుంచి జారుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఊదు."

"నేనెందుకక్కా?"

"ఊదమన్న."

ఊదాను. అక్క కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మకు పొయ్యకముందె తాగినవా?"

"ఉప్పు కారం చూడకుండ ఎట్ల ఇస్తరక్కా? ఒక్క గరిటె."

"వైనుల ఉప్పేందిరా?" అన్నాడు వెనకనుంచి బావ, మెట్ల మీద కూర్చుని నవ్వుతూ.

ఒక్క గరిటె కాదు. మూడు గ్లాసులు.