దస్తగీర్ చెవుల్లో ఈల

దస్తగీర్ కొట్టిన వరక్ అంటే ఏమనుకున్నారు! మిఠాయి మీద పరిస్తే ఊపిరి తగిలినా వణికేది. చార్మినార్ వెనక గల్లీలో వెండిని సాగగొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, జింకతోలు పొరల మధ్య వెండి ముక్క పెట్టి అంత పల్చటి రేకు తీసినవాడు మరొకడు లేడు. ఈ మాట అతని భార్య మజీదా ప్రహరీగోడ మీంచి పక్కింటి శారదమ్మకు రోజూ చెప్పేది. అడగకపోయినా చెప్పేది.

వాళ్ల కార్ఖానా ఉస్తాద్ అజ్మత్ అలీ ముసలివాడయ్యాడు. రంజాన్ నెల రాగానే తన గద్దె దస్తగీర్‌దేనని అందరిముందూ అన్నాడు. ఉస్తాద్ చేసేదల్లా కొట్టేవాడి పక్కన కూర్చుని, కళ్లు మూసి, తల వంచి, రేకు తయారైన దెబ్బకు "బస్!" అనడం. తొందరపడితే రేకు మందం, ఆలస్యమైతే చిరుగు. యుద్ధం మూలాన వెండి పిరమైన రోజులవి. చిరిగిన రేకంటే డబ్బు మట్టిపాలైనట్టే. అందుకే ఉస్తాద్ చెవి అంటే గల్లీకంతా గొప్ప.

సరిగ్గా అప్పుడే దస్తగీర్ చెవుల్లో ఈల మొదలైంది. సుత్తి ఆగినా అది ఆగదు.

చెవి పాడైనవాడికి గద్దె ఎవరిస్తారు? ఎవరికైనా చెబితే పరువు పోదూ! మోతకు మందు నిశ్శబ్దమే అనుకున్నాడు పిచ్చి మారాజు. ఒంట్లో బాగాలేదని పని మానేసి, చెవుల్లో దూది కుక్కుకుని, తలుపులు బిగించి కూర్చున్నాడు. ఇంకేముంది, ఇల్లు సద్దుమణిగినకొద్దీ ఈల బలిసింది. అన్నం సయించలేదు. మజీదా గాజులు కదిలినా కసురుకున్నాడు.

మజీదా ఊరుకునే మనిషా? చెవుల్లో దూది చూసి, సంగతి కక్కించి దవాఖానాకు లాక్కుపోయింది. డాక్టరు చెవి దగ్గర ఇనుప కడ్డీ మోగించి చూశాడు. ఒక చెవిలోనా రెంటిలోనా, సన్నగానా బొంగురుగానా, నిద్ర పడుతుందా, చిరాకు వస్తుందా అని ఓపిగ్గా అడిగాడు.

"వినికిడి కొంచెం తగ్గింది. తగ్గినచోట మెదడే మోగించుకుంటదని మా అనుమానం. ఇదే మోత కొందరికి యాదికే ఉండదు, కొందరిని పీక్కుతింటది. మీరేమో దూది పెట్టుకొని దానికి కాపలా కూసున్నరు. దూది తీసెయ్యుండ్రి, పనికి పోండ్రి" అన్నాడు.

"యాదికి లేకుంట ఎట్లుంటది? ఉత్త ముచ్చట!" అని దస్తగీర్ దారంతా గొణిగాడు. గద్దె వద్దని చెప్పేద్దామని తిన్నగా ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

విని అజ్మత్ అలీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే దీవానా! నీ పెండ్లికి ముందుసంది నా చెవుల కీచురాయి కూస్తనే ఉంది. నువ్వంటే యాదికొచ్చింది."

"మరి మీరు వినుడెట్ల ఉస్తాద్?"

"వినుడేంది? చెయ్యి ఇటు తే."

పక్కన కార్ఖానా కుర్రాడు షఫీఉద్దీన్ వెండి కొడుతున్నాడు. దస్తగీర్ అరచేతిని ఉస్తాద్ ఆ దెబ్బలు పడుతున్న బండ అంచు మీద ఆనించాడు. దెబ్బదెబ్బకూ అదురు మారుతోంది. మొదట గరుకుగా, పోనుపోను మెత్తగా.

"మరి తల వంచుడు?"

"గది మీరు ముచ్చట్లు బంద్ చేసి కొడతరని!"

ఈల మోగుతూనే ఉంది. దస్తగీర్ దాని జోలికి పోలేదు, అరచేతినే నమ్మాడు. అదురు నీళ్లలా మెత్తబడగానే "బస్!" అని అరిచాడు. పొర విప్పితే రేకు ఎక్కడా చిరగలేదు. అజ్మత్ అలీ లేచి గద్దె ఖాళీ చేశాడు.

గద్దె మీద కూర్చుని దస్తగీర్ అన్న మొదటి మాట ఇది: "భాయ్, నా చెవుల ఈల మోగుతది. ఇంకెవరికన్న మోగుతదా?"

సుత్తులన్నీ ఆగాయి. ఒకడు ఎడమ చెవిలో తేనెటీగ అన్నాడు. ఇంకొకడు జలుబు చేస్తేనే గుయ్యిమంటుంది, లేకపోతే ఫికర్ లేదన్నాడు. షఫీఉద్దీన్ తల దించుకుని, "నాకు నిద్రే లేదన్నా, ఎవరికీ చెప్పలే" అన్నాడు.

"రేపు నాతోని దవాఖానాకు రా" అన్నాడు దస్తగీర్. అతని సుత్తిని తన పక్కకు జరిపించుకున్నాడు.

ఆ సాయంత్రం సంగతంతా విని శారదమ్మ గోడవతలనుంచి, "అయ్యో, చెవులు మోగే మనిషికి గద్దె ఇచ్చిన్రా?" అంది.

మజీదా కొంగు బిగించింది. "వరక్ కొట్టెటోని చెవులు మోగక, పాలు అమ్మే మీ ఆయన చెవులు మోగుతయా?"