పాటకూ పాటకూ మధ్య

నిన్న ఉదయం అల్వాల్ గ్రంథాలయంలో పేపరు చదువుతుండగా కరెంటు పోయింది. నెత్తి మీద గడగడలాడే ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. హాలంతా నిశ్శబ్దమైంది, కానీ ఆ నిశ్శబ్దం ఖాళీగా లేదు. కిటికీ దగ్గర ఎవరో కుర్చీ జరుపుకున్నారు. ఇంకెవరో పేజీ తిప్పారు. ఒక పెద్దాయన వస్తున్న దగ్గును గొంతులోనే ఆపుకున్నాడు. నేను పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, కరెంటు వచ్చేదాకా వింటూ కూర్చున్నాను. ఇలా కూడా వినొచ్చునని నాకు తెలిసింది ఖాదర్ సాబ్ దుకాణంలో.

రెజిమెంటల్ బజార్‌లో ఆయనకు పాత గ్రామఫోన్ రికార్డుల దుకాణం ఉండేది. పాతవి కొని, శుభ్రం చేయించి అమ్మేవారు. ఆయన సన్నటి మనిషి. ఇస్త్రీ తెల్లచొక్కా, జేబులో సిరా పెన్ను. ఎప్పుడూ కొంచెం గట్టిగా మాట్లాడేవారు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు వాళ్ల నోటి వైపే చూసేవారు. అది ఆయన మర్యాద అనుకునేదాన్ని. నాకప్పుడు నలభై అయిదు దాటాయి. పని ఉందని ఎవరో చెబితే వెళ్లాను.

"ఇప్పుడేం పని చేస్తున్నవమ్మా?" అని అడిగారు.

"ఇండ్లల్ల గిన్నెలు కడుగుతున్న సాబ్."

"గాజు గ్లాసులు పగలగొడ్తవా?"

"ఇప్పటిదాంక ఒక్కటే పగిలింది. అది సుత వాళ్ల పిల్లి."

"ఈడ పిల్లుల్లేవు. రేపు పొద్దుగాల రా."

రికార్డులు కడగడం గాజు గ్లాసులు కడగడం కన్నా నాజూకైన పని. మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తోమాలి. మధ్యలో అంటించిన కాగితం తడవకూడదు. కడిగినవాటిని పళ్లేలు ఆరబెట్టే స్టీలు స్టాండులో నిలబెట్టేదాన్ని. ఆరాక ప్లేయరు మీద పెట్టి ముల్లు ఆనించి వినాలి. శుభ్రమైందో లేదో పాటలో తెలియదు, పాట మురికిని కప్పేస్తుంది. ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలయ్యే ముందు కొంచెం ఖాళీ గాడి ఉంటుంది. ముల్లు అక్కడ నడిచేటప్పుడు చిటపట వినిపిస్తే మళ్లీ కడగాలి. అందుకే నేను పాటలకన్నా ఆ ఖాళీలనే ఎక్కువగా విన్నాను.

నాకు చదువు రాదని మాత్రం ఆయనకు చెప్పలేదు. కవరు మీది బొమ్మ, మధ్య కాగితం రంగు చూసి ఏది ఎందులోదో గుర్తుపెట్టుకునేదాన్ని. ఎవరైనా చీటీ చూపించి ఇదేందమ్మా అంటే, కళ్లజోడు ఇంటి దగ్గర మరిచిపోయానని చెప్పేదాన్ని. ఒకటిన్నర సంవత్సరం అలాగే నెట్టుకొచ్చాను. అసలు నాకు కళ్లజోడే లేదు.

ఒక శుక్రవారం మౌలాలి రైల్వే కాలనీ నుంచి డిక్రూజ్ సారు వచ్చారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, మా పాత గిరాకీ. రెండు రికార్డులు కడగడానికి తెచ్చారు. రెండూ జపాన్‌లో చేసినవే. రెండు కవర్ల మీదా ఒకటే బొమ్మ, పియానో దగ్గర ముగ్గురు మనుషులు.

"ఖాదర్ భాయ్, ఒకటి డైరెక్ట్ డిస్క్, అది నాది. రెండోది టేపుల నుంచి తీసింది, మా తమ్మునికి ఇస్తున్న. సాయంత్రం చెన్నై బండి ఎక్కుతడు. జెర తారుమారు కాకుండ చూడు. గసొంటిది మళ్ల నాకు దొరకది."

మధ్యలో అంటించిన కాగితాలు రెండింటికీ ఒకేలా ఉన్నాయి. కవర్ల అడుగున మాత్రం ఒక్క లైను తేడా. ఖాదర్ సాబ్ రెండు చీటీలు రాసి, నేను కడిగి స్టాండులో నిలబెట్టిన ఒక్కో రికార్డు కింద ఒక్కోటి పెట్టి, "ఆరినంక చీటీ చూసి కవర్ల పెట్టు" అని నమాజుకు వెళ్లారు. ఆ చీటీలు నాకు రెండు చీమల బారుల్లా కనిపించాయి. కవరు మీది అచ్చు అక్షరాలతో పోల్చి చూశాను. ఏదీ దేనితోనూ కలవలేదు. ఇంతలో స్టాండు నుంచి నీళ్లు కారి చీటీల మీది సిరా కరిగిపోయింది. చేతికి వచ్చినదాన్ని చేతికి వచ్చిన కవరులో పెట్టేశాను.

ఆయన తిరిగి వచ్చి అడిగారు. "చీటీలు చూసే పెట్టినవు గదా?"

"చూసిన సాబ్."

అది అబద్ధం కాదు, చూశాను. ఆయన నమ్మి రెండు కవర్లనూ బల్ల మీద పెట్టారు. నేను వేరే రికార్డు చేతిలోకి తీసుకున్నాను గాని బ్రష్షు కదల్లేదు. కవర్లు తారుమారై ఉంటే, సాయంత్రం ఆ బండి కదిలిందంటే డిక్రూజ్ సారు తనకున్న ఒక్కగానొక్కదాన్ని తెలియకుండా పంపించేసినట్టే. చెబితే నా పని పోతుంది. చేతులు తుడుచుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"సాబ్, చీటీలు చూసిన గని చదవలేదు. నాకు చదువు రాదు."

"ఏందీ?"

ఆ మాట రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీదికి కూడా వినిపించి ఉంటుంది.

"మరి కండ్లజోడు?" అన్నారు.

"ఎన్నడు లేదు సాబ్."

ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత రెండు రికార్డులూ తీసి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, తల వంచుకుని విన్నారు. మళ్లీ పెట్టి విన్నారు. చివరికి ముల్లు ఎత్తేసి నా వైపు తిరిగారు.

"యాదమ్మా, నువ్వొకటి చెప్పినవ్, నేనొకటి చెప్త. నాకు సన్న సప్పుళ్లు వినపడక రెండేండ్లాయె. ఇవి రెండు నాకు ఒక్కతీరుగనే ఉన్నయ్. ఈ సంగతి బజార్ల ఎవ్వరికి తెల్వది."

"మరెట్ల సాబ్?"

"నీకు చెవులున్నయ్ గదా. కూసో."

అప్పుడు చెప్పారు. మామూలుగా పాటను ముందు టేపు మీద పట్టి, తప్పులు కత్తిరించి, అతికించి, తర్వాత రికార్డు మీదికి ఎక్కిస్తారట. డైరెక్ట్ డిస్కులో అలా కాదు. వాళ్లు ఎదురుగా వాయిస్తుంటేనే యంత్రం నేరుగా గాడి చెక్కుతూ పోతుంది. ఒక వైపంతా ఏకబిగిన వాయించాలి. ఎవరి చెయ్యి తప్పినా ఆ డిస్కు పారేసి మళ్లీ మొదటి నుంచి. జాగ్రత్త కోసం పక్కన టేపు కూడా నడిపిస్తారు. డైరెక్ట్ డిస్కులు అయిపోయాక ఆ టేపు నుంచి కొన్ని తీశారు. అందుకే రెండింటిలో వాయిద్యం ఒకటే.

మొదటిది విన్నాను. నున్నగా, హాయిగా ఉంది. "ఇదే సాబ్, మంచిగుంది" అన్నాను.

"తొందరేమున్నది? రెండోది విను."

రెండోది పెట్టాను. డ్రమ్ముల దగ్గరి ఇత్తడి పళ్లెం మీద పుల్లతో కొట్టిన దెబ్బకు ఉలిక్కిపడ్డాను, నా చేతిలోంచే స్టీలు పళ్లెం జారినట్టు. మొదటిదాంట్లో అదే దెబ్బ పక్క గదిలో పడ్డట్టుంది. అయినా నమ్మకం కుదరలేదు. నా పని అలవాటు కొద్దీ పాట చివరికి జరిపి ఖాళీ గాడి విన్నాను. మొదటిదాంట్లో ఏమీ లేదు, టేపులో అక్కడ కత్తిరించేసినట్టున్నారు, మూత పెట్టిన డబ్బాలా ఉంది. రెండోదాంట్లో పియానో మోత పూర్తిగా చల్లారింది, కాగితం తిప్పారు, కుర్చీ ఒకటి కిర్రుమంది, ఎవరో ఊపిరి తీసుకున్నారు. యంత్రం ఆగదు కనుక పాటకూ పాటకూ మధ్య కూడా వాళ్లక్కడే ఉన్నారు, కదలకుండా, దగ్గు ఆపుకుని.

"దీంట్ల మనుషులున్నరు సాబ్" అన్నాను.

నాలుగింటికి డిక్రూజ్ సారు రాగానే జరిగిందంతా ఖాదర్ సాబే చెప్పారు. నా చదువు సంగతి చెప్పారు, తన చెవుల సంగతి కూడా దాచలేదు. డిక్రూజ్ సారు నేను తీసి పెట్టిన రికార్డులో నేరుగా ఆ ఖాళీ దగ్గరే ముల్లు ఆనించారు. కుర్చీ కిర్రుమంది. ఆయన మొహం విప్పారింది.

"ఇరవై ఏండ్ల సంది వింటున్న ఈ కుర్చీని. డ్రమ్ములాయనది. లావుగుంటడేమో పాపం."

మర్నాడు పని అయ్యాక ఖాదర్ సాబ్ తన పెన్ను నా చేతికిచ్చారు. పెన్సిల్ అయితే చెరుపుకోవచ్చు కదా అని అడిగాను.

"ఆ ముగ్గురు చెరుపుకుంట వాయించిన్రా? రాయి. తప్పొస్తే రానీ, ముందుకు పో."

చిరిగిన కాగితపు కవర్ల మీద అలా అక్షరాలు నేర్చుకున్నాను. ముందు నా పేరు, తర్వాత నేను కడిగిన రికార్డుల పేర్లు. బదులుగా ఆయన పక్కన కూర్చుని ఏ రికార్డులో ఏం వినిపిస్తుందో చెప్పేదాన్ని. దుకాణానికి డైరెక్ట్ డిస్కు వచ్చినప్పుడల్లా "మనుషులున్నరు" అని నా చేత్తో చీటీ రాసి అంటించేవాళ్లం. కొనేవాళ్లు అదేమిటని అడిగితే, "ఆమెనే అడుగుండ్రి, ఈ దుకాణానికి చెవులు ఆమెనే" అనేవారు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. ఆయన నిజామాబాద్‌లో కూతురి దగ్గర హాయిగా ఉన్నారు. చెవులు పూర్తిగా పోయాయి కాబట్టి ఫోన్లు పనికిరావు, మా మాటలన్నీ పోస్టు కార్డుల మీదే. ఆయన ప్రతి కార్డు చివరా ఒకటే అడుగుతారు, "ఈ మధ్య ఏం విన్నవ్?" అని.

నిన్న ఫ్యాను మళ్లీ గడగడమన్నాక సంచిలోంచి కార్డు తీశాను. "కరెంటు పోయింది సాబ్. ఫ్యాను ఆగినంక చూస్తే హాలు నిండ మనుషులున్నరు" అని మొదలుపెట్టి, కుర్చీ, పేజీ, ఆపుకున్న దగ్గు, అన్నీ పెన్నుతోనే రాశాను. ఒక చోట ఒత్తు తప్పింది. దాన్ని అలాగే ఉంచి, కింద సంతకం చేసి, దారిలో పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వచ్చాను.