నిద్రకాటు బావ

భూతాలు కొట్టుకునే వీడియో గేమ్ తయారుచేసే కంపెనీలో మా బావ ప్రోగ్రామర్. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో తేల్చే షరతులు రాయడం ఆయన పని. ఎదుటి భూతం తడిసి ఉంటేనే పిడుగు రెట్టింపు తగలాలి, నిద్రలో ఉంటేనే నిద్రకాటు పడాలి, ఇలాంటివి. ఈ మాత్రం దానికే ఇంట్లో ఆయన నడక చూస్తే, లోకంలో అందరి తలరాతా తనే రాసి వచ్చాడనుకోవాలి.

అక్కావాళ్లింట్లోనే ఉంటాను, అదే కంపెనీలో గేమ్ పరీక్షించే పని నాది. మూడు నెలల ప్రొబేషన్ అయిపోవస్తోంది. శుక్రవారం గేమ్ ఆడి చూసి, నన్ను ఉంచుకోవాలో పంపేయాలో తేలుస్తానంది యజమానురాలు.

నిద్రకాటులో తప్పు నాకు మొదటి వారమే దొరికింది. ఎదుటి భూతం నిద్రలో ఉందా అని బావ రాసిన షరతు బటన్ నొక్కినప్పుడు ఒక్కసారే చూస్తుంది. ఆ తర్వాత అది మేలుకున్నా సరే, కాటు పడిపోతుంది. ఫిర్యాదు రాసి పంపాను. "నా దగ్గర బాగానే ఉంది" అని తిప్పి పంపాడు. అలా ఐదు ఫిర్యాదులు, ఐదుసార్లూ అదే జవాబు.

ఒకరోజు ఆయన సీటు వెనక నిలబడి చూశాను. పరీక్ష కోసం పెట్టుకున్న భూతాన్ని ఎప్పటికీ లేవకుండా నిద్రపుచ్చి ఉంచాడు మహానుభావుడు!

"బావా, అది అసలు లేవదు కదా. లేస్తే ఏమవుతుందో నీకెలా తెలుస్తుంది?"

"లేచినప్పుడు చూద్దాంలే మరదలా. పదేళ్ల సర్వీసు నాది. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు."

పాత షరతునే కాపీ కొట్టి, పేరు మార్చి అతికించడం, అదీ ఆ పదేళ్ల సర్వీసు. గోడకి చెప్పుకున్నా కాస్త నయం.

మా కంపెనీలో తప్పు పోయిందని చూసుకుని, ఫిర్యాదు రాసినవాళ్లే దాన్ని మూయాలి. గురువారం పొద్దున వంటింట్లో అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని టీమ్ లీడర్ చేస్తారట. నీ ఫిర్యాదులు ఐదూ అలా కనబడుతుంటే ఎవరు చేస్తారే? మూసెయ్యవే, నా బంగారం కదూ."

బావంటే నాకు ఒళ్లుమంట. అక్కంటే ప్రాణం. ఐదింటి కిందా "సరిచూశాను" అని రాసి మూసేశాను. ఆ నిమిషాన ఆయనమీదకంటే నామీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

శుక్రవారం యజమానురాలు ఆడుతుంటే ఎదుటి భూతం కళ్లు తెరిచింది, ఆవులించింది, లేచి నిలబడింది. అయినా నిద్రకాటు పడి చచ్చింది.

"మేలుకున్నదాన్ని ఎలా కరిచింది?" అందావిడ.

బావ గొంతు సవరించుకున్నాడు. "గంటలో సరిచేసేస్తాను మేడమ్. కానీ, దీన్ని పరీక్షించి సరే అన్నది ఈ అమ్మాయి."

ఈ అమ్మాయట! పొద్దున నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా వేసుకుని అన్నాడా మాట.

యజమానురాలు ఫిర్యాదుల జాబితా తెరిచింది. ఐదు చోట్లా మూసింది నేనే. ఎందుకు మూశావంటే అక్క పేరు చెప్పాలి. నోరు మెదపలేదు. సోమవారం నుంచి రానక్కర్లేదంది.

నా డెస్కు మీది సామానంతా సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. బావ లీడర్ అయిన కబురు అప్పటికే ఫోన్లో వచ్చేసిందట, అక్క మొహం వెలిగిపోతోంది. నా చేతిలో సంచి ఆవిడకి కనబడనే లేదు.

"అందరి ముందూ ఆయన్ని ఏమీ అనలేదు కదే?" అంది.

"లేదక్కా," అన్నాను.