తవుడుకు కొన్న మోటారు

మా ఆయనకు రెండే పిచ్చులు: వక్కాకు, మోటారు. మొదటిదాన్ని ఎలాగో భరించాను. రెండోదాన్ని చూస్తే ఒళ్ళు మండేది. చింతామణిలో మాది వేరుశెనగ వ్యాపారం. మాకు ఎద్దులబండి చాలు. ఈయనేమో బెంగళూరు వేలంలో పందేల మోటారుకారు కొనుక్కొచ్చాడు. కంపెనీ అలాంటివి కొన్నే చేసి ఆపేసిందట. పొద్దున్నే నా మొహం కన్నా ముందు దాని మొహం చూసేవాడు.

దానికి అంతకుముందు ఇద్దరు యజమానులు, ఒక కాఫీతోట దొర, ఒక జమీందారు కొడుకు. ఇద్దరూ కొన్న ఏడాదిలోపే పోయారు. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఒక మధ్యాహ్నం, కొట్టం నీడలో మూడు రోజులుగా కదలని బండి సీటు మీద చెయ్యి వేశాను. అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. తోలు మీద పెద్ద పల్లం. మా ఆయన బక్కమనిషి, ఆ పల్లం ఆయనది కాదు.

ఏడ్చి, అన్నం మానేసి, చివరికి అమ్మడానికి ఒప్పించాను. బెంగళూరు నుంచి ఒకాయన శుక్రవారం వచ్చి చూస్తానని కబురు పంపాడు. అప్పటిదాకా ఈయన ప్రాణం నిలవాలి కదా! అత్తను అడిగాను. ముగ్గురు బిడ్డలు పోయాక పుట్టినవాడు ఆయన. పుట్టగానే దిబ్బ మీద దొర్లించి, పక్కింటామెకు ఇచ్చి, చాటెడు తవుడుకు తిరిగి కొనుక్కొని, ఎవరూ ఆశపడని పేరు పెట్టి బతికించుకుంది.

“చావు కూడా మంచి సరుకే ఎతుకుతాదమ్మా. ఈ బండి పనికిమాలిందని దానికి అనిపిచ్చాల, అప్పుడు దిగిపోతాది. దీని పేరు యాడుండాది?” అంది.

ఇంజన్ మీదా, ముందున్న ఇత్తడి రేకు మీదా చెక్కిన అంకె చూపించాను, దానికున్న పేరు అదే. ఆయన ఎద్దులబండిలో మండికల్ వెళ్ళిన పూట అత్త సీటు మీద తవుడు చల్లింది. నేను ఆకురాయి పట్టుకొని రెండుచోట్లా అంకెను అరగదీశాను. పొడి రాలుతున్నంతసేపూ లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టే ఉంది. అయినా వదల్లేదు.

శుక్రవారం పొద్దున్నే ఆ పెద్దమనిషి వచ్చాడు. “పాత రంగు అట్లే ఉంచినారే, పుణ్యాత్ములు!” అన్నాడు. చిరిగిన తోలు చూసినా సంతోషమే, మార్చని బోల్టు చూసినా సంతోషమే. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత మూత ఎత్తి ఇంజన్‌ను వేలితో తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

“అంకె యాడప్పా?”

మా ఆయనకేం తెలుసు? నేనే చెప్పాను.

“ఎంత పని చేస్తివమ్మా! ఇనుముకేముండాది వెల? ఇట్లాంటివి చేసిందే కొన్ని. రెండుచోట్లా ఒకే అంకె ఉంటేనే ఇది ఆ బండేనని నమ్మేది. ఇప్పుడు తునకలు ఏరి చేసిందంటే కాదనేదెవురు?” కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

మా ఆయన తిట్టినా బాగుండేది. పకపకా నవ్వాడు. “ఇంగ దీన్ని ఎవురూ కొనరు. మనకే రాసిపెట్టుండాది,” అంటూ ఎక్కి కూర్చున్నాడు. బాగేపల్లి దారిలో ఒక చుట్టు తిప్పుకొస్తానన్నాడు. చెయ్యి పట్టుకొని లాగాను. వదిలించుకున్నాడు.

సాయంత్రం బండి మెల్లగా వాకిట్లోకి వచ్చి, ఎప్పుడూ నిలిపే చోటే నిలిచింది. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. ఒంటి మీద గీత లేదు. ఊపిరీ లేదు. చల్లబడి చాలాసేపయిందని ముట్టుకోగానే తెలిసింది.

పొద్దున్నే వెళ్ళిపోవలసిన బండి. వెళ్ళనీయకుండా చేసింది నా చేతులే. ఇంజన్ ఇంకా ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడం ఇంట్లో ఎవరికీ రాదు. పెట్రోలు అయిపోయేదాకా అత్తా నేనూ ఆ చప్పుడులోనే ఏడ్చాం.