నకరికల్లు రోడ్డు మీద శీను కారు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను నేను మా షెడ్డులో ఎక్కువసేపు కూర్చోనివ్వను. ఇంజను ఆగిందంటే పెట్రోలన్నా అందడం లేదు, గాలన్నా అందడం లేదు, కరెంటన్నా రావడం లేదు. నాలుగో కారణం ఉందని ఎవడైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు చెప్పేది కూడా మీరు నమ్మాలని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నా పేరు మస్తాన్. నరసరావుపేటలో కార్ల షెడ్డు. నేనూ శీనూ కలిసి పెట్టుకున్నాం. చిన్నప్పుడు ఒకే బెంచీ, పెద్దయ్యాక ఒకే జాకీ. మా ప్రత్యేకత ట్యూనింగ్. అంటే కారులోని కంప్యూటరుకు లాప్‌టాప్ తగిలించి, ఏ వేగంలో ఎంత తొక్కితే ఎంత పెట్రోలు పోయాలో అంకెలు మార్చడం. తెర మీద గళ్ళు గళ్ళుగా ఉంటుంది, దాన్ని ఫ్యూయల్ టేబుల్ అంటాం. పెట్రోలు ఎక్కువైతే పొగ వస్తుంది. తక్కువైతే, అందులోనూ ఫుల్లుగా తొక్కినప్పుడు, పిస్టన్ కరిగిపోతుంది.

పొద్దున్నే నకరికల్లు రోడ్డెక్కేవాళ్ళం. నేను తోలేవాణ్ణి, శీను పక్కన కూర్చుని అంకెలు మార్చేవాడు. పునుగులు తింటూ ఆ నూనె చేత్తోనే కీబోర్డు నొక్కేవాడు. ప్రతి గడిలో ఒక చుక్క ఎక్కువే పోసేవాడు.

"ఏందిరా, పెట్రోలు మీ అత్తగారింటి నుంచి తెచ్చావా?" అని తిట్టేవాణ్ణి.

"ఇంజను చల్లగుండాలిరా మస్తానూ" అనేవాడు.

రోజూ ఇదే గొడవ. అబ్బ, ఎంత బాగుండేవి ఆ పొద్దులు! ఇప్పుడు అలా తిట్టడానికి కూడా మనిషి లేడు.

పోయినేడు శీను జబ్బు చేసి చనిపోయాడు. వాడి సొంత కారొకటి ఉంది. పాత బండికి మేమిద్దరం వేరే ఇంజను ఎక్కించాం. ట్యూనింగ్ సగంలో ఉండగానే వాడు మంచం పట్టాడు, బండి ఇంటి ముందే నిలబడిపోయింది.

ఈమధ్య వాడి భార్య పద్మ షెడ్డుకొచ్చింది.

"అన్నా, మా బావగారు బండిని పాత ఇనుముకు వేసెయ్యమంటున్నారు. సరిగ్గా తిరిగితేనే ఉంచుకోమన్నారు. ఆయన చేత్తో చేసింది నాకు అదొక్కటే మిగిలింది."

"తిరిగేట్టు చేస్తానమ్మా" అన్నాను. అన్నానే గానీ లోపల భయమే. ఆ ఇంజను పాడైతే శీను చేసిన పనంతా పోయినట్టే.

తోలడానికి ఒక మనిషి కావాలి. "నేను తోలతా" అంది పద్మ. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది, బాగానే తోలుతుంది. ట్యూనింగప్పుడు మాత్రం శీను ఆమెను ఎప్పుడూ బండెక్కించలేదు. ఆమె మాట కాదనలేకపోయాను.

మర్నాడు పొద్దున బయల్దేరాం. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. సైలెన్సరు మోతలో మామూలు మాట వినబడదు. అందుకే ముందే చెప్పాను.

"చాలు అని గట్టిగా అరుస్తానమ్మా. అప్పుడే కాలు తియ్యి."

చిన్న వేగాలన్నీ చక్కగా కుదిరాయి. ఫుల్లుగా తొక్కే గళ్ళు మాత్రం మిగిలాయి. ఆమె తొక్కింది. నా రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయి, కళ్ళు అంకెల మీద ఉన్నాయి. నేను అరవకముందే ఆమె కాలు తీసేసింది.

"ఏందమ్మా, అప్పుడే తీశావ్?" అని కసురుకున్నాను. ఆమె బండి పక్కకు ఆపింది. అప్పుడు చూశాను, పెట్రోలు ఎంత అందుతోందో చూపించే గీతను. అది బాగా కిందికి పడిపోయి ఉంది. నేను పెట్టిన అంకె సరైనదే. కానీ ఇన్నాళ్ళూ కదలకుండా ఉన్న బండి ట్యాంకులోని తుప్పు వచ్చి ఫిల్టరుకు అడ్డంపడింది. ఇంకాస్త తొక్కి ఉంటే ఇంజను పోయేదే.

"నువ్వే కదన్నా తియ్యమంది?" అంది పద్మ.

"నేనెక్కడ అరిచానమ్మా?"

ఆమె తల దించుకుంది. "అరవలా. మోకాలి మీద కొట్టావుగా. వేళ్ళ కణుపులతో, రెండుసార్లు."

ఎడమ మోకాలు చూపించింది.

శీను భార్య నాకు చెల్లెలితో సమానం. నేను ఆమె మీద చెయ్యి వేస్తానా? పైగా నా చేతులు రెండూ కీబోర్డు మీదే ఉన్నాయి. కానీ నా ఒళ్ళు జలదరించింది అందుకు కాదు. మోతలో మాట వినబడదని శీను నన్ను ఆపమనేది అచ్చం అలాగే. ఎడమ మోకాలి మీద కణుపులతో రెండు దెబ్బలు. నొప్పి పుట్టేట్టు కొట్టేవాడు వెధవ.

"ఆ సంగతి నీకెప్పుడైనా చెప్పాడా?" అని అడిగాను.

"ఇంట్లో బండి మాటెత్తితే తిట్టేదాన్నిగా అన్నా. నాకేం చెప్తాడు?" అంది. తర్వాత స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

తర్వాత చాలా రకాలుగా ఆలోచించాను. ఇంజను అదురుకు మోకాలు తిమ్మిరెక్కి ఉంటుందని, భయంలో ఏదో అనిపించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. సరే, మరి అదే సైగ ఎలా అనిపించింది? సరిగ్గా ఆ క్షణంలోనే ఎందుకు అనిపించింది? ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

ఫిల్టరు మార్చి, ట్యాంకు కడిగించి మళ్ళీ అదే రోడ్డుకు తీసుకెళ్ళాం. ఈసారి పని తొందరగానే అయిపోయింది. ఇంజను హాయిగా తిరుగుతోంది, బండిని ఇక ఎవరూ ఇనుముకు వెయ్యరు. లాప్‌టాప్ మూయబోయాను.

"అయిపోయిందా అన్నా?" అని అడిగింది పద్మ. ఆ గొంతులో సంతోషం లేదు.

"ఇంకా కొంచెం ఉందమ్మా. ఫుల్లుగా తొక్కు" అన్నాను.

తొక్కింది. కాసేపాగి మళ్ళీ తొక్కింది. మార్చాల్సిన అంకె ఒక్కటి కూడా లేదు. అయినా రెండు చేతులూ కీబోర్డు మీదే పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను, పొరపాటున నా చెయ్యి ఆమె మోకాలికి తగిలితే శీనే అనుకుంటుందేమోనని.