ప్రసూనాంబ చెవి లెక్క

చీపురుపల్లి దగ్గరి ఒక బడిలో లెక్కలు చెప్పే ప్రసూనాంబకు తన చెవి మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అరసవల్లిలో సంగీతం పాఠాలు చెప్పుకునే ఇంట్లో పుట్టింది మరి. ఆటో హారన్ మోగినా అది ఏ స్వరమో చెప్పేసేది, ఎవరూ అడగకపోయినా సరే.

అలాంటి మనిషికి చెవితో నేర్పే లెక్కల కార్యక్రమం అప్పగిస్తే ఊరుకుంటుందా! ఆమె ఫోన్లో పాఠం రికార్డు చేసి పంపితే, మండలంలోని బడుల్లో స్పీకరు పెట్టి వినిపిస్తారు. పిల్లలు జవాబును వాయిస్ మెసేజీగా పంపుతారు. మొదటి పాఠంలో అలవాటుకొద్దీ బోర్డు మీద అంకె వేసి, "ఇదిగో, ఇటు చూడండి" అంది. పిల్లలు బుద్ధిగా స్పీకరు వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత తేరుకుని చప్పట్లతో ఎక్కాలు, గచ్చు మీద బంతి కొట్టి తీసివేతలు చెప్పింది.

పై అధికారి గణపతిరావు ఒక షరతు పెట్టారు. నాలుగో పాఠానికి సగం మంది పిల్లలైనా సరైన జవాబు చెప్పకపోతే కార్యక్రమం ఆపేస్తానన్నారు. ప్రసూనాంబకు బెంగ పట్టుకుంది. తరగతిలో నోరు విప్పని పిల్లలు కూడా ఫోన్లో గొంతు విప్పుతున్నారు. అది పోతే ఆమె తట్టుకోలేదు.

నాలుగో పాఠానికి రేకు డబ్బా చంకన పెట్టుకుని, ధాన్యం కొలిచి అమ్మే గున్నమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఈ డబ్బాలో కుంచంతో నీకు తోచినన్ని సార్లు పొయ్యి. ఎన్నో నాకు చెప్పకు" అంది.

ఫోన్లో రికార్డింగు పెట్టి, పిల్లలకు కనబడనిది తనకూ కనబడకూడదని కళ్లు మూసుకుంది. తొడ మీద తాళం వేస్తూ తొమ్మిది లెక్కపెట్టింది. గున్నమ్మను అడిగి సరిచూసుకోవడమా! ఆ చెవికి ఎంత అవమానం! "ఎన్ని కుంచాలు పోసింది?" అని పిల్లలను అడిగి పాఠం పంపేసి, జవాబు తొమ్మిదని గణపతిరావుకు రాసింది.

నూట నలభై జవాబులొచ్చాయి. అందరిదీ ఎనిమిదే.

"ఒక్కరూ రైటు చెప్పలేదు కదమ్మా, ఆపేద్దామా?" అని గణపతిరావు ఫోన్ చేశారు. ఒక్క రోజు ఆగమని బతిమాలి, మర్నాడు తరగతిలో పిల్లల మీద విరుచుకుపడింది.

"తొమ్మిది చప్పుళ్లు వినబడలేదర్రా? చెవులెక్కడ పారేసుకున్నారు?"

ఎప్పుడూ లేవని నాలుగో తరగతి శ్రావణి లేచింది.

"ఆకర్న పోసింది కొసరు కదేటి మేడమ్‌గారూ! దోసిల్తో ఏసిన సప్పుడు తెలీలేదేటి? కొసర్ని ఎవులైనా లెక్కెడతారేటి?"

తరగతంతా మేడమ్ వైపు జాలిగా చూసింది. ప్రసూనాంబ రికార్డింగు మళ్లీ పెట్టి వింది. ఎనిమిది సార్లు కుంచం నిండుగా జారింది. తొమ్మిదోది చిటికెలో అయిపోయింది. ఇంకొకరి డబ్బాలో కొలిచి పోశాక కొసరు వేయకుండా గున్నమ్మ చెయ్యి ఊరుకుంటుందా!

కావాలనే పెట్టిన చిక్కు ప్రశ్న అని సార్‌తో అనేయొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ దాన్ని మింగేసి, పిల్లలందరూ వింటుండగానే ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"అయితే అందరూ రైటేనంటారా?" అన్నారు గణపతిరావు.

"అందరూ కాదు సార్. నేనొక్కదాన్నే తప్పు."

ఆయన పెద్దగా నవ్వి, ఐదో పాఠం పంపమన్నారు. శ్రావణి ఇంకా నిలబడే ఉంది. ప్రసూనాంబ ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "ఈసారి పాఠం పంపేముందు నువ్వొకసారి విను" అంది.