డప్పుకు పెట్టే సెగ

సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియాలోని మా పక్క ఫ్లాటువాళ్లు అప్పుడప్పుడూ బాల్కనీలో మేకకాళ్లు కాలుస్తారు. ఆ కమురు వాసనకు మా ఆవిడ కిటికీలన్నీ మూసేస్తుంది. నేను మాత్రం ఏదో వంక పెట్టుకుని బయటికి వెళ్లి నిలబడతాను. తోలుకు సెగ తగిలితే వచ్చే ఆ వాసనతో నాకు రాజమల్లన్న గుర్తొస్తాడు. నిజం చెప్పాలంటే, గుర్తు రావాలనే నిలబడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను హాయిల్ దాటి చాలా దూరాన, ఎడారి మధ్యనున్న ఒక పరిశోధన కేంద్రానికి పంపారు. భూమి లోపలి కదలికలను కొలవడం మా పని. చలికాలం పొద్దున్నే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టేవి. భూమిలో పాతిన మా పరికరాలు దగ్గర్లో సుత్తి దెబ్బ పడినా పసిగట్టేవి కాబట్టి అక్కడ చప్పుడు చేయడమే నేరం. అలాంటి చోట డప్పు కళాకారుడైన రాజమల్లన్న ఏళ్ల తరబడి డ్రైవరుగా బతికాడు. జగిత్యాల పక్క పల్లె ఆయనది. ఊరి నుంచి తెచ్చుకున్న డప్పు రగ్గులో చుట్టి మంచం కింద ఉండేది. దరువంతా వేళ్లలో దాచుకుని, స్టీరింగు మీదా టీ గ్లాసు మీదా చంటిపిల్లను జోకొట్టినంత మెల్లగా వేసుకునేవాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి అనుకున్న సెలవు ఇవ్వలేదని, ఉద్యోగం మానేస్తున్నానని చెప్పి పెట్టె సర్దుకుని బండెక్కాను. రాజమల్లన్న మారుమాట్లాడకుండా హాయిల్ వైపు బండి తీశాడు. సగం దారిలో ఆపి, నాలుగు పుల్లలేరి మంట వేసి, తీరిగ్గా టీ కాచాడు. నేను ముదీర్‌ను, అంటే మా కేంద్రం పెద్దాయనను, తిట్టినన్ని తిట్లు తిట్టి అలసిపోయాక అన్నాడు.

“సెగ డప్పుకు పెట్టాలె సారూ. మనిషికి పెడితే ఏమొస్తది?”

గ్లాసులు కడిగాక, బండి ఎటు తిప్పమంటారని అడిగాడు. వెనక్కే తిప్పించాను. ఆ తర్వాత కొద్ది రోజులకే నా సెలవు మంజూరైంది.

కొన్నాళ్లకు ఆయనకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక శాశ్వతంగా ఊరికి వెళ్లిపోవడం, ఖాయమైంది. ఊళ్లో కొత్త ఇల్లు లేచింది, కొడుకు బడిపంతులయ్యాడు. అయినా మనిషి ముఖంలో కళ లేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. అన్నీ తెచ్చుకోమన్నాడట కొడుకు, డప్పు మాత్రం అక్కడే వదిలి రమ్మన్నాడట.

“ఎంత సదివినా ఊళ్లె డప్పోని కొడుకనే అంటున్నరట. వాని బాధ వానిది సారూ. పోయేలోపల ఇక్కడనే ఒక్కసారి కొట్టుకుంట. మళ్ల కొట్టేది ఉండదు.”

ఆ మాట విన్నాక నాకు కూడు సయించలేదు. వెళ్లి, ఆయన్ని ఒక్కసారి డప్పు కొట్టుకోనివ్వమని ముదీర్‌ను అడిగాను. మరమ్మతుల కోసం పరికరాలు ఆపే రోజున మీ ఇష్టమన్నాడాయన. అనడమే కాదు, ఆ సాయంత్రం ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బు కాఫీ తెప్పించి, తానే కంబళి పరిపించి కూర్చున్నాడు.

రాజమల్లన్న తెల్ల పంచె కట్టుకుని, రగ్గు విప్పి డప్పు బయటికి తీశాడు. వాళ్ల ఊళ్లో సెగ చూపకుండా ఎవరూ డప్పు కొట్టరు. తేమకు మెత్తబడిన తోలు వేడికి బిగిస్తేనే పలుకుతుంది. చేతులు వాటంతటవే డప్పును మంట దగ్గర పట్టాయి. ఆ ఎండుగాలికి ఆ తోలు ఎప్పుడో బిగుసుకుపోయి ఉందని ఆయనకూ తోచలేదు, మాకూ తోచలేదు. టప్పుమని అడ్డంగా చీలింది.

ఆయన చీలిక మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

“ముందుగాల చెయ్యి వెట్టి సూడాల్సింది,” అన్నాడు.

తర్వాత డప్పు పక్కన పెట్టి, రెండు చేతుల్లో పుల్లలు పట్టుకుని, నోటితోనే దరువు అందుకుని మంట చుట్టూ అడుగులేశాడు. వంగి, లేచి, గిర్రున తిరిగి, లేని డప్పును ఎంతోసేపు కొట్టాడు. ముదీర్ లేచి నిలబడి చప్పట్లతో తాళం వేశాడు. నేను ఏడ్చాను.

చినిగిన డప్పు నా చేతిలో పెట్టి ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత సెలవులో జగిత్యాలలో దానికి కొత్త తోలు ఎక్కించి, అడక్కుండానే వాళ్లింటికి తీసుకెళ్లాను. ముసురు పట్టిన రోజు. డప్పు చూడగానే కొడుకు ముఖం ముడుచుకుంది. రాజమల్లన్న ఈసారి ముందు అరచేత్తో తోలును తడిమాడు. మెత్తగా ఉంది. మంట కావాలని నోరు తెరిచి అడగలేదు, కొడుకు వైపే చూశాడు. కొడుకు కాసేపు వాకిలి వైపు చూస్తూ నిలబడి, కొట్టంలోకి వెళ్లి ఎండుగడ్డి పట్టుకొచ్చాడు. అరుగు మీద అంటించి, తండ్రి చేతిలోని డప్పు తనే అందుకున్నాడు.

“కాగబెట్టకుంటే పలుకదు నాయినా,” అన్నాడు.

ఆ సాయంత్రం ఊరంతా విన్న దరువు నేనూ విన్నాను. అయినా నా వెంట వచ్చింది దరువు కాదు, తోలును తడిమిన ఆ అరచెయ్యి. నాకిప్పటికీ కోపం వస్తుంది, గొంతూ లేస్తుంది. కాకపోతే ఎదుటి మనిషి అప్పటికే ఎంత బిగుసుకుని ఉన్నాడో ముందు చూసుకుంటాను.